చల్లారిన గహ్వా

ఎవరైనా ప్రశ్న అడిగితే పీరాన్ సాహెబ్ జవాబు చెప్పేవాడు కాదు, లేచి చెప్పులు వేసుకునేవాడు. అడిగినవాడు కూడా వెంటనే చెప్పులు వేసుకోవాలి. ఎక్కడికని అడగకూడదు. అరబ్బీలో ఒంటెకు ఇన్ని పేర్లెందుకని ఒకడు అడిగితే, వాణ్ణి సంతకు తీసుకుపోయి మిట్టమధ్యాహ్నం దాకా ఒంటెల మధ్య నిలబెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా వెనక్కి తీసుకొచ్చాడట. పుస్తకంలో రెండు వాక్యాల్లో తేలిపోయేదానికి ఎండలో ఈ తిరుగుడేమిటని గొణుక్కునేవాళ్ళు లేకపోలేదు. అట్లాంటివాళ్ళు నెల తిరక్కుండానే మానేసేవాళ్ళు. ఆయన కూడా రమ్మని కబురు పెట్టేవాడు కాదు.

సాహెబ్‌ది రాయచోటి. ముప్ఫై ఏడేళ్ళ కిందట దర్జీ పనికి ఈ అరబ్బు ఎడారి దేశం వచ్చి, ఇసుక అంచునున్న ఒక చిన్న ఊళ్ళో కొట్టు పెట్టుకుని అక్కడే పండిపోయాడు. కొట్టు పైనున్న గదిలో సాయంత్రాలు మనవాళ్ళకు అరబ్బీ చెప్పేవాడు. మేస్త్రీలు, వంటవాళ్ళు, డ్రైవర్లు వచ్చి చాప మీద కూర్చునేవాళ్ళు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. మన గురువుగారికి వాళ్ళ మాట అది.

ఆ చాప మీదికి ఒకరోజు విద్యాసాగర్ వచ్చాడు. చిలకలూరిపేటలో ఇంగ్లీషు లెక్చరరుగా చేసి, ఇక్కడ నీళ్ళ ట్యాంకర్ల కంపెనీలో గుమాస్తాగా కుదురుకున్నవాడు. ఇంగ్లీషు అతనికి అన్నం పెట్టిన భాష, పరువు తెచ్చిన భాష. తెలుగు తల్లి నేర్పిన మాటే అయినా, సంగతి కాస్త పెద్దదైతే ముందు ఇంగ్లీషులో అనుకుని ఆనక తెలుగులోకి దించుకునేవాడు. అట్లాంటివాడు అరబ్బీ నేర్చుకోవడానికి వచ్చాడంటే సరదాకు కాదు. దాని వెనక ఒక మనిషి ప్రాణం ఉంది.

ఆ మనిషి తిమోతి, విద్యాసాగర్ భార్య సలోమికి ఒక్కగానొక్క తమ్ముడు. ఊళ్ళో ఊరికే తిరుగుతున్నాడని, పట్టుబట్టి రప్పించి తన కంపెనీలోనే ట్యాంకర్ డ్రైవరుగా పెట్టించింది బావగారే. వచ్చిన అయిదో నెలలో ఒక పొద్దున ఇసుకగాలి లేచింది. పది అడుగుల ముందు ఏముందో కనపడని ఆ దుమ్ములో తిమోతి ట్యాంకరు మలుపు తిప్పాడు, అటునుంచి మోటారుసైకిల్ మీద వస్తున్న పిల్లవాడు చక్రాల కింద పడ్డాడు. పేరు ఫరాజ్. పందొమ్మిదేళ్ళు. తండ్రికి వాడొక్కడే. తిమోతి పారిపోలేదు. పోలీసులు వచ్చేసరికి ఆ పిల్లవాడి తల ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు.

ఏడేళ్ళు జైలని తీర్పు వచ్చింది. అయితే చనిపోయినవాడి తండ్రి కోర్టుకు వచ్చి, క్షమించానని వేలిముద్ర వేస్తే ఆ రోజే వదిలేస్తారని కూడా న్యాయాధికారి చెప్పాడు. ఆ తండ్రిని ఊరంతా అబూ ఫరాజ్ అంటారు, ఫరాజ్ తండ్రి అని. కొడుకు పోయాక కూడా ఆ పిలుపు పోలేదు. ఊరికి ఆవల, ఇసుక దిబ్బల దగ్గర ఆయన తెగవాళ్ళ ఇళ్ళున్నాయి. ఆయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ సంగతి తెలిసిన రోజునే విద్యాసాగర్ అరబ్బీ నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాడు. తాను తెచ్చినవాణ్ణి తన నోటితోనే అడిగి విడిపించుకోవాలనుకున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ నోట్లోకి భాష రావడమే తరువాయి అని అతని లెక్క.

నేర్చుకోవడంలో అతనికి వంక పెట్టలేం. మొదటి నెలలో అరబ్బీ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. ఉస్తాద్ ఆ కాగితాలన్నీ చించి పారేసి, ఆ భాషను దాని బట్టల్లోనే చూడమన్నాడు. అతను వారం రోజుల్లో కుడి నుంచి ఎడమకు రాయడం పట్టాడు. గొంతు అడుగునుంచి పలకాల్సిన అక్షరాల కోసం తెల్లవారుజామున నీళ్ళు పుక్కిలిస్తూ సాధన చేశాడు. పక్క గదివాళ్ళు అతనికి జబ్బు చేసిందనుకున్నారు. మూడేసి అక్షరాల వేరు నుంచి మాటలు కుటుంబాలు కుటుంబాలుగా పుట్టుకొస్తాయని తెలిశాక అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంగ్లీషులో అరబ్బీ నేర్పే పుస్తకాలు తెప్పించుకుని వాటిలోని చిట్కాలన్నీ వరసగా పాటించాడు. పది నెలలకు వార్తాపత్రిక చదివేవాడు. కానీ వీధిలో రొట్టెలమ్మేవాడు గబగబా ఏదైనా అంటే బిక్కమొహం వేసేవాడు.

అప్పుడడిగాడు గురువుని. "ఉస్తాద్ గారూ, ఇంగ్లీషు మీదుగా వచ్చినవాడికి అరబ్బీ తొందరగా పట్టుబడాలంటే ఏం చెయ్యాలి? నాకు టైము లేదు."

పీరాన్ సాహెబ్ లేచి చెప్పులు వేసుకున్నాడు.

ఆ నడక ఊరి చివర ఒక మేకల దొడ్డి దగ్గర ఆగింది. ఆ దొడ్డి కాసేవాడు ఓబులేసు. పులివెందుల దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళుగా అక్కడి అరబ్బుల మేకలు కాస్తున్నాడు. అరబ్బీ మొదటి అక్షరం అలిఫ్ కూడా రాయడం రానివాడు, తెలుగులో సంతకానికి కూడా వేలిముద్రే. సాహెబ్ అతన్ని చూపించి, ప్రతి శుక్రవారం ఇక్కడికి వచ్చి కూర్చో నాయనా అని, తాను తిరిగి వెళ్ళిపోయాడు.

విద్యాసాగర్‌కు ఒళ్ళు మండింది. డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు నాటకాలు చెప్పినవాణ్ణి మేకలవాడి దగ్గరికి పంపుతాడా ఈయన అనుకున్నాడు. అయినా గురువు మాట కాదనలేక రెండు శుక్రవారాలు వెళ్ళాడు. ఓబులేసు వంకరటింకర అరబ్బీకి వ్యాకరణం తలా తోకా ఉండేవి కావు. దారిన పోయే అరబ్బులు ఆగి, అతనితో చాప మీద కూర్చుని, బాగున్నావా అని అడిగిందే నాలుగు రకాలుగా అడిగి, మేకలు బాగున్నాయా, బావిలో నీళ్ళున్నాయా, మోకాలి నొప్పి ఎట్లా ఉంది అని పావుగంట గడిపి, కాఫీ తాగి పోయేవాళ్ళు. మధ్యలో చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడేవాళ్ళు కాదు. విద్యాసాగర్ ఆ మౌనంలో జేబులోంచి మాటల పట్టిక తీసి వల్లె వేసుకునేవాడు. మూడో శుక్రవారం నుంచి మానేశాడు. సాహెబ్ ఎందుకు మానావని అడగలేదు. ఇతనూ చెప్పలేదు.

ఇంతలో సాహెబ్‌కు కంట్లో పొర ముదిరింది. ఆపరేషనుకు రాజధానికి వెళ్తూ, ఆ అబూ ఫరాజ్ దగ్గరికి ఒంటరిగా పోవద్దు, నేను వచ్చినాక అందరం కలిసి పోదాం అని విద్యాసాగర్‌కు మరీ మరీ చెప్పి వెళ్ళాడు. అతను సరేనన్నాడు. కానీ సలోమి రోజూ ఫోను చేసేది. ఏడ్చేది కాదు, తిట్టేది కాదు, తమ్ముడు ఎట్లా ఉన్నాడని అడిగి ఊరుకునేది. ఆ ఊరుకోవడమే అతను భరించలేకపోయాడు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సాహెబ్ వెళ్ళిన తొమ్మిదో రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందే రాసి బట్టీ పట్టిన ప్రసంగం మనసులో పెట్టుకుని, దిబ్బల దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

అబూ ఫరాజ్ అతన్ని గుమ్మంలోనే ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. అతిథుల్ని కూర్చోబెట్టే పొడుగాటి గది అది, మజ్లిస్ అంటారు. గోడల వెంట పరుపులు, నడుమ బొగ్గుల కుంపటి. తెగ పెద్దలు నలుగురైదుగురు ఉన్నారు. అబూ ఫరాజ్ తమ్ముడు ఇత్తడి కూజాతో గహ్వా తెచ్చి, చెవి లేని చిన్న కప్పులో పోసి అందించాడు. యాలకులు వేసి కాచిన చేదు కాఫీ. అరబ్బుల ఇంట ఇచ్చిన కాఫీ ఎన్నడూ వద్దనకూడదని విద్యాసాగర్ ఇంగ్లీషు పుస్తకంలో చదివాడు. తాగాడు. తమ్ముడు మళ్ళీ పోశాడు. అదీ తాగాడు. అప్పుడు అబూ ఫరాజ్ తానే లేచి, తమ్ముడి చేతిలోంచి కూజా తీసుకుని మూడోసారి పోసి, ఎదురుగా నిలబడ్డాడు. ఇంత మర్యాద చేస్తున్నాడని విద్యాసాగర్ గుండె పొంగింది. మూడోది కూడా గుక్కలో తాగి, కప్పు తిరిగి ఇచ్చి, గొంతు సవరించుకుని ప్రసంగం మొదలుపెట్టాడు.

ఒక్క తప్పు దొర్లలేదు. ప్రతి మాటా చివరి అచ్చుతో సహా, పాత గ్రంథాల్లో ఉన్నట్టే పలికాడు. కరుణ గురించి చెప్పాడు, విధి గురించి చెప్పాడు, తిమోతి మంచితనం గురించి చెప్పాడు. తండ్రి పుండు మీద కారం చల్లినట్టవుతుందని ఫరాజ్ పేరు మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అతను ఆపాడు. అబూ ఫరాజ్ చాలాసేపు కింది కంబళి వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తమ్ముడికి సైగ చేశాడు. ఊదు పొగ వేసిన ధూపపాత్ర తెచ్చి ఒక్కొక్కరి ముందూ తిప్పారు. ఊదు తిప్పారంటే ఇక లేవచ్చని అర్థం. ఆ ఒక్కటి పుస్తకంలో ఉంది కాబట్టి విద్యాసాగర్‌కు తెలిసింది.

బయటికి వచ్చి దిబ్బ పక్కన కూలబడిపోయాడు. చేతకానివాడినన్న మాట అతని బతుకులో అదే మొదటిసారి తన గురించి తాను అనుకోవడం. ఆ వారం జైలుకు వెళ్ళినప్పుడు తిమోతి ఏం బావా, ఏమన్నాడు అని అడిగాడు. ఇంకా అడగలేదురా అని అబద్ధమాడి వచ్చాడు.

సాహెబ్ నల్ల కళ్ళద్దాలతో తిరిగి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. విద్యాసాగర్ ఆయన ముందు కూర్చుని జరిగింది జరిగినట్టు పూసగుచ్చినట్టు చెప్పాడు. చెప్తూ చెప్తూ, రాయి కరిగినా కరుగుతుందేమో గాని ఆ మనిషి కరగడు ఉస్తాద్ గారూ అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సాహెబ్ తిట్టలేదు. కప్పులు ఎన్నిసార్లు పోశారు, ఎవరు పోశారు అని మాత్రం రెండుసార్లు గుచ్చి గుచ్చి అడిగాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి చెప్పులు వేసుకున్నాడు.

మళ్ళీ ఆ మేకల దొడ్డే. ఓబులేసు ఒక మేకపిల్ల కాలికి కట్టు కడుతున్నాడు. సాహెబ్ సంగతంతా చెప్తుంటే తలెత్తకుండా విన్నాడు. గహ్వా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"తాగినారా సారూ?" అన్నాడు.

తాగానన్నాడు విద్యాసాగర్.

"మూడూ?"

మూడూ తాగానన్నాడు.

ఓబులేసు మేకపిల్లను వదిలి, చేతులు తుడుచుకుని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ఈ ఎడారి తెగల్లో ఎవరికైనా అక్కర ఉండి ఇంకొకరి గడప తొక్కితే, ఇచ్చిన గహ్వా తాగడు. కప్పు తన ముందు నేల మీద పెట్టి ఊరికే కూర్చుంటాడు. నోరు విప్పడు. ఇంటాయన చూసి, నీ గహ్వా ఎందుకు తాగలేదు, నీ అక్కర ఏమిటి అని అడగాలి. అప్పుడు చెప్పుకోవాలి. తీరుస్తానంటే తాగమంటాడు. తాగకుండా లేచిపోయాడంటే ఆ ఇంటికి అంతకు మించిన తలవంపు లేదు. కాబట్టి ఆ కప్పు కింద పెట్టిన క్షణం నుంచి భారమంతా ఇంటాయనది. తాగేశాడంటే మాత్రం నాకు నీతో ఏ అక్కరా లేదు, చూసిపోదామని వచ్చానంతే అని చెప్పినట్టు. తాగేసి ఆ తర్వాత ఎంత అడిగినా అది అడగడం కింద రాదు, ఊసుపోక చెప్పిన మాటల కింద పోతుంది.

"మీరొచ్చిన రెండో శుక్రవారం ఒక ముసలాయన అట్లనే పెట్న్యాడు గదా సారూ. ఆయన మేకకు మందు కావల్లంటే నేనిస్తి. మీరు కాయితం సూసుకుంటా ఉంటిరి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్టయితే విద్యాసాగర్‌కు కాస్త తేలిగ్గా ఉండేది. తాను ఆ కప్పుకు రెండు మూరల దూరంలో కూర్చుని ఉన్నాడు, చూడలేదు. అందువల్ల తిమోతి ఇంకా జైల్లో ఉన్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

తర్వాతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ముగ్గురూ కారులో బయలుదేరారు. దారిలో విద్యాసాగర్ కొత్తగా నాలుగు వాక్యాలు తయారు చేసుకుని, వాటిని సరిచూడమని గురువును అడిగాడు. సాహెబ్ విననట్టు కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళు పెట్టుకున్న ఆశ పెద్దదేం కాదు. ఒకసారి కడుపునిండా తాగి వచ్చినవాడు, రెండోసారి కప్పు కింద పెడితే ఆ ఇంటాయన చూస్తాడా, చూడనట్టు ఊరుకుంటాడా అన్నది ముగ్గురికీ తెలియదు. ఊరుకుంటే ఇక మూడోసారి అంటూ ఉండదు.

అబూ ఫరాజ్ ఈసారి కూడా గుమ్మంలోకి వచ్చాడు. ఓబులేసును చూసి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. ఫరాజ్ పోయినప్పుడు ఆ ఇంట్లో మూడు రోజులు వచ్చినవాళ్ళందరికీ నీళ్ళు మోసింది ఓబులేసే. విద్యాసాగర్‌కు ఆ సంగతి కూడా అప్పుడే తెలిసింది. కూర్చున్నాక పలకరింపులు మొదలయ్యాయి. మేకల గురించి అడిగారు, బావి గురించి అడిగారు, వాన పడిన వైపు గడ్డి గురించి అడిగారు, సాహెబ్ కన్ను గురించి అడిగారు. వంకరటింకర అరబ్బీలో ఓబులేసు ప్రతిదానికీ జవాబిచ్చాడు, ప్రతిదీ తిరిగి అడిగాడు. అబూ ఫరాజ్, అబూ ఫరాజ్ అని మాటిమాటికీ ఆ పేరుతోనే పిలిచాడు. ఆ పేరు వినపడినప్పుడల్లా పెద్దాయన మొహం కాస్త తేరుకోవడం విద్యాసాగర్ చూశాడు. తాను దాచిపెట్టిన పేరు అది.

గహ్వా వచ్చింది. ముందు సాహెబ్‌కు పోశారు. ఆయన కప్పు ముందు పెట్టుకున్నాడు. ఓబులేసు పెట్టుకున్నాడు. విద్యాసాగర్ చేతికి కప్పు వచ్చింది. కప్పును నేల మీద ఆనించి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆవిరి సన్నగా లేచి ఆగిపోయింది. అతనికి తెలిసిన రెండు భాషల్లోనూ, నేర్చుకుంటున్న మూడోదాంట్లోనూ, ఆ క్షణంలో ఏదైనా అనాలని నాలుక పీకింది. బోధించి బతికినవాడికి ఊరుకోవడమంత నరకం లేదు. అయినా పళ్ళ బిగువున కూర్చున్నాడు. గదిలో ఉన్న పెద్దలందరూ ఆ మూడు కప్పుల వంకే చూస్తున్నారు. అబూ ఫరాజ్ మాత్రం కుంపటి వంక చూస్తున్నాడు. చూడనట్టే ఉండిపోతాడని విద్యాసాగర్‌కు భయం పట్టుకుంది. సలోమికి ఏమని చెప్పాలో అతనికి అంతుపట్టలేదు.

చివరికి పెద్దాయన తల తిప్పి, గహ్వా చల్లారిపోతోంది, ఎందుకు తాగలేదని ఓబులేసును అడిగాడు.

ఓబులేసు తన కప్పు చూపించలేదు. విద్యాసాగర్ ముందున్న కప్పు మీద చెయ్యి వేసి, అక్కర ఈయనది, మేము తోడొచ్చాం అన్నాడు. అందరి కళ్ళూ విద్యాసాగర్ మీదికి వచ్చాయి.

దారిలో కట్టుకున్న నాలుగు వాక్యాలూ ఎటు పోయాయో పోయాయి. క్రియలు గుర్తు రాలేదు. నోట్లోంచి వచ్చింది చిన్న పిల్లవాడి అరబ్బీ.

"ఫరాజ్... మీ ఒక్కడు. తిమోతి... నా భార్యకు ఒక్కడు. వాణ్ణి ఈ దేశం తెచ్చింది నేను. నేను తెచ్చాను, అబూ ఫరాజ్."

అంతకు మించి రాలేదు. ఏడుపొచ్చింది. పరాయివాళ్ళ ముందు ఏడవకూడదని అతను చిన్నప్పటి నుంచీ నమ్మినవాడు, ఆపుకోలేకపోయాడు.

అబూ ఫరాజ్ కుంపట్లోని బొగ్గును కడ్డీతో అటు తోశాడు, ఇటు తోశాడు. తర్వాత ఎవరితోనో కాక ఆ బొగ్గుతోనే చెప్తున్నట్టుగా, ఆ పొద్దున గాలి లేస్తుందని ఫరాజ్ వాళ్ళమ్మ వద్దంటూనే ఉందనీ, దూరపు బావిలో నీళ్ళు చూసి రమ్మని పంపింది తానేననీ అన్నాడు. ఆ మాట ఆ గదిలో ఎవరూ అంతకు ముందు విన్నట్టు లేదు. ఆయన తమ్ముడు కూజా పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయాడు. విద్యాసాగర్ ప్రతి మాటా అర్థం చేసుకున్నాడు. ఏదీ తెలుగులోకి గాని, ఇంగ్లీషులోకి గాని తిప్పుకోవలసిన పని పడలేదు. తామిద్దరూ పంపినవాళ్ళే, తెచ్చినవాళ్ళే అని అతనికి తోచింది, ఆ పెద్దాయన కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ కదలకుండా కూర్చున్నాడు.

పెద్దాయన కడ్డీ పక్కన పెట్టాడు.

"మీ గహ్వా తాగండి. ఆదివారం పొద్దున కోర్టుకు వస్తాను."

ముగ్గురూ కప్పులెత్తారు. చల్లారిన గహ్వా మరీ చేదు. విద్యాసాగర్ దాన్ని కళ్ళు మూసుకుని, చుక్క మిగలకుండా తాగాడు. ఆ రోజు ఊదు చాలా ఆలస్యంగా తెచ్చారు. చీకటి పడేదాకా అబూ ఫరాజ్ తన కొడుకు చిన్నప్పటి చేష్టలు చెప్తూనే ఉన్నాడు, ఓబులేసు తనకు తెలిసినవి కలుపుతూనే ఉన్నాడు. పెద్దాయన రెండుసార్లు నవ్వాడు కూడా.

ఆదివారం ఆయన చెప్పినట్టే వచ్చి వేలిముద్ర వేశాడు. సాయంత్రానికి తిమోతి జైలు గుమ్మం దాటాడు. ఎముకలు తేలి, అక్కతో ఫోనులో మాట్లాడలేక, హలో అని ఒక్క మాట అని ఏడుస్తూ నిలబడ్డాడు. వాణ్ణి కంపెనీ గదిలో పడుకోబెట్టి విద్యాసాగర్ నేరుగా దర్జీ కొట్టు మీది గదికి వెళ్ళాడు. సాహెబ్ చాప చుడుతున్నాడు.

కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చినవాడు, చెప్పాక కూడా కదల్లేదు. అతన్ని ఒక ముల్లు ఇంకా పొడుస్తూనే ఉంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ మనిషి రాయిలా కూర్చున్నాడనీ, ఇన్ని వారాలలో ఆయన మనసు ఎట్లా మారిందో తనకు అర్థం కావడం లేదనీ, ఒకవేళ మారడానికే అన్ని రోజులు పట్టిందేమోననీ, కాస్త ఆశగానే అడిగాడు. ఆ రోజులు తన తప్పు వల్ల కాక, ఆయన దుఃఖం వల్ల పోయాయని ఎవరైనా చెప్తే బాగుండుననిపించింది.

పీరాన్ సాహెబ్ చాప గోడకు ఆనించాడు. చెప్పుల వైపు వెళ్ళలేదు. నల్ల కళ్ళద్దాలు తీసి, అప్పుడే చూపు వస్తున్న కన్నుతో శిష్యుణ్ణి చూశాడు.

"రెండుసార్లు తమ్ముడు పోశాడన్నావు. మూడోసారి తానే లేచి, కూజా తీసుకుని, నీకు పోసి, ఎదురుగా నిలబడ్డాడన్నావు," అన్నాడు. "కొడుకును పోగొట్టుకున్నవాడు, కప్పు కింద పెట్టి అడుగు అని అంతకంటే తేటగా అరబ్బీలో ఇంకెట్లా చెప్తాడు, నాయనా?"